‘పాటుతో దిగు’: ఆ మొదటి అక్షరం ‘పా’నా, ‘ఆ’నా?

(మాట్లాడేవారిని వారి ఊరి పేర్లతో గుర్తించాం.)

ఛత్రపురం: సముద్ర సమాచారానికి అందరూ వాడుకోదగిన భావపట్టిక (ఒక్కో భావానికి పలు భాషల పేర్లు చేర్చే జాబితా) ఒకటి కొందరం కలిసి తయారు చేస్తున్నాం. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు పేర్లు ఒకే భావం కింద చేరాలి. జీవుల దగ్గర పేచీ రాలేదు. రుషికుల్య నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర గుడ్లు పెట్టే తాబేలును ఎవరు ఏ పేరుతో పిలిచినా, అది 1829లో ఎష్‌షోల్ట్స్ వర్ణించిన ఒలివేసియానే, అంటే ఆలివ్ రిడ్లేనే. వోర్మ్స్ అనే ప్రపంచ సముద్రజీవుల రిజిస్టరులో దానికి ఒక సంఖ్య ఉంది, పేర్లన్నీ ఆ సంఖ్య కిందికి వస్తాయి. సముద్రపు ఎక్కుదిగుళ్ల దగ్గరే ఆగిపోయాం. మా మామ్మ అనే మాట సగమే గుర్తుంది: “పాటుతో దిగు, పోటుతో ఎక్కు.” చిన్నాన్న “ఆటుతో దిగు” అంటారు. ఏది సరైనది?

బరంపురం: పాటే. పడు–పాటు, చెడు–చేటు, పొడుచు–పోటు. నీరు పడితే పాటు, పొడిస్తే పోటు. ఇందులో చర్చకు తావు లేదు.

ఇచ్ఛాపురం: తావు ఉంది మాస్టారూ. పొడుచు నుంచి పోటు వచ్చినట్టే అడుచు నుంచి ఆటు ఎందుకు రాకూడదు? నీటిని అడిచేది ఆటు, పొడిచేది పోటు. పైగా జనం నోట ఆడేది ‘ఆటుపోటులు’. ధరల గురించి రాసే పత్రికలు కూడా ఆటుపోట్లనే అంటాయి, పాటుపోట్లని రాసింది నేను చూడలేదు.

పర్లాకిమిడి: సామెతకు చెవి సాక్ష్యం. పాటు, పోటు రెండూ పకారంతో మొదలవుతాయి, యతి కుదిరింది. కాబట్టి పాటు.

బరంపురం: నేను పాటు పక్షమే అయినా ఈ సాక్ష్యం చెల్లదండీ. యతికి హల్లు ఒక్కటే చాలదు, అచ్చు కూడా కలవాలి. ‘ఆ’కు అ, ఐ, ఔ మిత్రులు. ‘ఓ’కు ఉ, ఊ, ఒ. పాకు పోతో మైత్రి లేదు. ఇక ప్రాస అంటారా, టకారం ఆటులోనూ ఉంది, పాటులోనూ ఉంది. ఛందస్సు ఈ తగవు తీర్చదు.

గోపాల్‌పూర్: మాది పడవ ఇల్లు. మీరు అక్షరం పట్టుకొని అర్థం వదిలేశారు. ఈ తీరంలో ఒక నిండు నీటికీ తరువాతి నిండు నీటికీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. నీరు ఎక్కే ఆరు గంటల కాలం పోటా, నిండి ఆగిన ఆ కాసేపు పోటా? మొగ దాటి లోపలికి రావాలంటే పడవకు కావలసింది ఎక్కుతున్న నీరు. నిండాక మా ఇంట్లో “నీరు నిలిచింది” అంటారు, పోటు అనరు.

ఛత్రపురం: మా పట్టిక చిక్కు సరిగ్గా ఇదే. ఒడియా మిత్రులు ‘జుఆర’ను నిండునీటికి సరిజోడుగా (రెండూ ఒకటే అని) కట్టారు. నేను పోటును జుఆరకు సరిజోడు కట్టాను. భావపట్టికలు రాయడానికి వాడే స్కోస్ పద్ధతిలో సరిజోడు గొలుసులా సాగుతుంది: పోటు జుఆర అయితే, జుఆర నిండునీరైతే, పోటు కూడా నిండునీరే. అప్పుడు పోటు అని వెతికితే, నీరు ఎక్కుతుండగా తీసిన కొలతలకు బదులు శిఖరపు కొలతలు వస్తాయి. ‘దగ్గరిజోడు’ (దాదాపు ఒకటే అనే లంకె) అలా సాగదు. అందుకే నా ఓటు దగ్గరిజోడుకు.

పర్లాకిమిడి: మంచిది. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లో ఉండి సవర భాషను సవరల నోటినుంచి నేర్చుకొన్నారు. మనం కూడా పడవల వారినే అడగాలి. అయితే ఒక ఊహ చెబుతాను. మామ్మగారి మాటలో ‘దిగు’ అసలు ‘దిగుచు’ అయి ఉండదా? గజేంద్రమోక్షంలో పోతన “కరి దిగుచు మకరి సరసికి” అన్నప్పుడు దిగుచు అంటే లాగడం. ‘పాటు దిగుచు, పోటు ఎక్కించు’ అంటే కర్త నీరే అవుతుంది. పడవవాడికి చెప్పిన ఆజ్ఞ కాదది, నీరు చేసే పనికి వర్ణన.

ఇచ్ఛాపురం: ఎంత బాగుంది! ఆ కందంలో ఏనుగు ఒడ్డుకు, మొసలి మడుగులోకి లాగుకొంటూ ఉంటే పద్యమే అటూ ఇటూ ఊగుతుంది. అంత చిన్న పద్యంలో అంత బరువును అటూ ఇటూ కదిలించడం పోతనకే చేతనయింది.

బరంపురం: పద్యం ఎత్తారు కనుక అడుగుతున్నాను. చివర ‘భటు లదిరిపడన్’ అని చదువుకొన్నారా, ‘భటు లరుదుపడన్’ అనా? రెండూ గణాలకు సరిపోతాయి. నాకు ‘అరుదుపడన్’ ఇష్టం. పాతాళ, భూలోక భటులు అదిరితే అది భయం, అరుదుపడితే అది మెచ్చుకోలు. వీరుల పోరును వీరులు మెచ్చుకోవాలి.

పర్లాకిమిడి: అదిరిపడన్. ఆ పోరు అతల కుతలాలను కదిలించాలి. మెచ్చుకోవడం చూసేవారి పని, అదిరిపడటం పోరు బలానికి కొలత.

గోపాల్‌పూర్: నీళ్లలోకి రండి. దిగుచు ఊహ అందంగా ఉంది కాని, ‘తో’ను ఏం చేస్తారు? “పాటుతో” అని మామ్మగారు అన్నారు కదా. లాగేది పాటే అయితే ‘తో’ అక్కరలేదు. పడవవాడు పాటు వెంట బయటికి వెళతాడు, పోటు వెంట ఇంటికి వస్తాడు. దిగడం వాడిదే, ఎక్కడం వాడిదే.

పర్లాకిమిడి: ‘తో’ తరువాత వచ్చి చేరి ఉండవచ్చు.

గోపాల్‌పూర్: అలా అయితే ‘పా’ కూడా తరువాత వచ్చి చేరి ఉండవచ్చు.

ఛత్రపురం: స్కోస్‌లో ఒక భావానికి ఒక భాషలో ప్రధాన పేరు ఒక్కటే ఉండాలి. మారుపేర్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. నీరు తగ్గే కాలానికి ‘పాటు’ ప్రధానం, ‘ఆటు’ మారుపేరు అని తాత్కాలికంగా రాస్తున్నాను. నిండునీరు వేరే భావం, దానికి తెలుగు గడి ఖాళీగా ఉంచుతున్నాను.

ఇచ్ఛాపురం: ఒప్పుకోను. వెతికేవాడు టైపు చేసేది ఆటు. దాన్ని కిందికి తోసి పాటును పైకి ఎత్తడం మాస్టారి వ్యాకరణం గెలుపే తప్ప వాడుక గెలుపు కాదు. గిడుగు వారి పేరు ఎత్తుకొని ఈ పని చేయకూడదు.

గోపాల్‌పూర్: ఖాళీ గడిలో “నీరు నిలిచింది” పెట్టండి. అయితే తగ్గి నిలిచినప్పుడు కూడా మేము అదే మాట అంటాం. దానికి రెండు గడులు కావాలి.

బరంపురం: అరుదుపడన్ సంగతి తేలలేదు. పాత ముద్రణలు ఉన్నవారు ఆ పద్యం పుట చూసి చెప్పండి.