క్యూఎస్ఓలు నాకే ఎక్కువ, స్కోరు మాత్రం తక్కువ: తేడా ఎక్కడ వచ్చింది?

తొలి లాగ్:
అందరికీ నమస్కారం. హామ్ రేడియో వాళ్ల సీక్యూ వరల్డ్‌వైడ్ ఎస్‌ఎస్‌బీ (మాటలతో నడిచే) పోటీలో మొదటిసారి పాల్గొన్నాను. 100 వాట్లు, వైర్ డైపోల్ యాంటెన్నా, ఒక్కణ్నే. మొత్తం 310 క్యూఎస్ఓలు (రెండు స్టేషన్ల మధ్య సంభాషణలు) వచ్చాయి. సాఫ్ట్‌వేర్ 67,200 స్కోరు చూపిస్తోంది. మా క్లబ్బు మిత్రుడికి 240 క్యూఎస్ఓలే వచ్చినా ఆయన స్కోరు 1,06,200. ఇద్దరం వాడింది ఒకే సాఫ్ట్‌వేర్. నా సెట్టింగుల్లో ఏదైనా తప్పుందా? ఇంకో సంగతి. నా స్కోరు నలుగురితో పంచుకోవాలని ఉంది. ఏమేం రాయాలి, ఎప్పుడు చెప్పాలి? లాగ్ (క్యూఎస్ఓల జాబితా) ఇంకా పంపలేదు.

నలభై మీటర్లు:
ముందుగా అభినందనలు. మొదటి పోటీలో 100 వాట్లతో 310 అంటే మంచి పట్టుదల ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ తప్పు అయి ఉండకపోవచ్చు. కానీ మొత్తం అంకె ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. స్కోర్ సమ్మరీ అనే విండో తెరిచి బ్యాండ్‌వారీగా (20 మీటర్లు, 15 మీటర్లు అని తరంగదైర్ఘ్యంతో పిలిచే ఫ్రీక్వెన్సీ భాగాలవారీగా) క్యూఎస్ఓలు, పాయింట్లు, జోన్లు (పోటీ కోసం ప్రపంచాన్ని విడదీసిన ప్రాంతాలు), దేశాలు ఇక్కడ పెట్టండి.

తొలి లాగ్:
ఇవిగోండి.
20 మీటర్లు: 220 క్యూఎస్ఓలు, 355 పాయింట్లు, 21 జోన్లు, 48 దేశాలు.
15 మీటర్లు: 90 క్యూఎస్ఓలు, 205 పాయింట్లు, 17 జోన్లు, 34 దేశాలు.
మిత్రుడిని కూడా అడిగాను. ఆయన నాలుగు బ్యాండ్లలో పని చేశారట. మొత్తం 590 పాయింట్లు, 55 జోన్లు, 125 దేశాలు.

నలభై మీటర్లు:
సాఫ్ట్‌వేర్ లెక్క సరిగ్గానే ఉంది. మీ పాయింట్లు 560, మల్టిప్లయర్లు 38 జోన్లు, 82 దేశాలు కలిపి 120. రెంటినీ గుణిస్తే 67,200. ఆయనవి 590 పాయింట్లు, 180 మల్టిప్లయర్లు, గుణిస్తే 1,06,200. పాయింట్లలో మీ ఇద్దరికీ ఉన్న తేడా ముప్పయ్యే. తేడా అంతా మల్టిప్లయర్లలో ఉంది.

310 క్యూఎస్ఓలకు 560 పాయింట్లే ఎందుకు వచ్చాయంటే, ఈ పోటీలో వేరే ఖండం స్టేషన్‌కు 3 పాయింట్లు, సొంత ఖండంలోని వేరే దేశానికి 1, సొంత దేశానికి సున్నా. (ఉత్తర అమెరికాలోని దేశాల మధ్య మాత్రం 2.) మీరు సొంత ఖండం వాళ్లతో ఎక్కువ మాట్లాడినట్టున్నారు. అది తప్పేమీ కాదు, వినబడిన వాళ్లతోనే కదా మాట్లాడతాం. కానీ మల్టిప్లయర్లను ఒక్కో బ్యాండ్‌లో విడివిడిగా లెక్కిస్తారు. 20 మీటర్లలో దొరికిన దేశమే 15లో దొరికితే మళ్లీ కొత్త మల్టిప్లయర్. 40లో దొరికితే ఇంకొకటి. మీ మిత్రుడు చేసింది అదే.

మీ అంకెలతోనే చెబుతాను. మీకు ఇంకొక 3 పాయింట్ల మామూలు క్యూఎస్ఓ వచ్చి ఉంటే స్కోరు 360 పెరిగేది. అదే క్యూఎస్ఓ ఒక కొత్త దేశమైతే 923 పెరిగేది. దేశమూ కొత్తదై జోనూ కొత్తదైతే 1,486. ఒక మల్టిప్లయర్ కోసం రన్ (ఒకే ఫ్రీక్వెన్సీలో ఉండి వరుసగా వచ్చేవాళ్లకు జవాబివ్వడం) ఆపి వెతకాలా, అక్కడే సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) పిలుస్తూ ఉండాలా అనే ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. కొత్త దేశం ఒక్కటి తెచ్చే పెరుగుదలకు మీరు మామూలువి రెండున్నర దాకా చేయాలి. రన్‌లో నిమిషానికి రెండు మూడు వస్తుంటే కదలకండి. పిలుపులకు జవాబు తగ్గిపోతే వెంటనే వెతుకులాటలోకి దిగండి.

చాలామంది వదిలేసే విషయం ఇంకొకటి ఉంది. సొంత దేశం స్టేషన్‌కు పాయింట్లు సున్నా అయినా మల్టిప్లయర్‌గా చెల్లుతుంది. మీరు 40లోనూ 10లోనూ దగ్గర్లోని స్టేషన్‌ను ఒక్కొక్కసారి పలకరించి ఉంటే, ఒక్కో బ్యాండ్‌లో మీ దేశం, మీ జోన్ రెండూ వచ్చేవి. నాలుగు మల్టిప్లయర్లు. స్కోరు 69,440కి వెళ్లేది. సున్నా పాయింట్ల క్యూఎస్ఓలు రెంటితోనే 2,240 పెరుగుదల! దూరపు స్టేషన్ కోసం పది నిమిషాలు పైలప్‌లో (ఒకే స్టేషన్‌ను చాలామంది ఒకేసారి పిలిచే గుంపులో) నిలబడే ముందు దీన్ని గుర్తుపెట్టుకోండి.

యాంటెన్నా 20 మీటర్లదేనా?

తొలి లాగ్:
అవునండీ, 20కి కట్టిందే. ట్యూనర్‌తో 15లో నడిపించాను.

నలభై మీటర్లు:
అయితే వచ్చేసారికి 40 మీటర్ల డైపోల్ కట్టండి. తీగ మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు. మూడో హార్మోనిక్ మీద అదే తీగ 15 మీటర్లలోనూ పనిచేస్తుంది, కొద్దిపాటి ట్యూనింగ్ చాలు. ఇప్పుడున్న 20 మీటర్లది అలాగే ఉంచండి. పగలు 15, 20. చీకటి పడ్డాక 40. రాత్రి మీరు ఖాళీగా ఉన్న గంటల్లో 40 మీటర్లు నిండుగా ఉంటుంది.

చుక్కగీత:
అన్న గారు లెక్క చక్కగా చెప్పారు. నేను స్కోరు పంచుకోవడం గురించి రాస్తాను.

స్కోరు చెప్పడానికి కంటెస్ట్ ఆపరేటర్లలో 3830 అనే పేరు వినే ఉంటారు. పోటీ ముగిశాక అమెరికా ఆపరేటర్లు 80 మీటర్ల బ్యాండ్‌లో 3830 కిలోహెర్ట్జ్ దగ్గర చేరి ఎవరికెంత వచ్చిందో చెప్పుకునేవారు. ఆ అంకే పేరుగా నిలిచిపోయింది. ఇప్పుడు అదే పేరుతో ఉన్న ఆన్‌లైన్ ఫారంలో ప్రపంచమంతటి వాళ్లూ నింపుతున్నారు. అక్కడ పెట్టినా, క్లబ్బులో చెప్పినా పద్ధతి ఒక్కటే. "నాకు 67 వేలు వచ్చాయి" అంటే వినేవాళ్లకు ఉపయోగం లేదు. మీరు పైన బ్యాండ్‌వారీగా పెట్టిన రెండు వరుసల వల్లే అన్న గారు ఇంత సాయం చేయగలిగారు. మొత్తం అంకె ఒక్కటే ఉంటే ఏం చెప్పగలిగేవారు?

కాబట్టి ఆ పట్టిక తప్పనిసరి. దాంతోపాటు మీ విభాగం రాయండి: సింగిల్ ఆపరేటర్, ఆల్ బ్యాండ్, లో పవర్ (ఈ పోటీలో 100 వాట్ల దాకా లో పవర్, 5 వాట్లలోపు క్యూఆర్‌పీ). క్లస్టర్ స్పాట్లు (ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నారో ఇతరులు ఆన్‌లైన్‌లో పెట్టే సమాచారం) చూశారా లేదా అన్నది స్పష్టంగా చెప్పండి. చూస్తే అసిస్టెడ్ (సాయం తీసుకున్న) విభాగం. ఒక్క స్పాట్ చూసినా అసిస్టెడే, ఇందులో నేను ఏమాత్రం పట్టు సడలించను. స్పాట్లు చూసినవాళ్ల మల్టిప్లయర్లను చూడనివాళ్లవాటి పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. ఆ తర్వాత ఎన్ని గంటలు కూర్చున్నారు, యాంటెన్నా ఏమిటి అన్నవి. ఇది 48 గంటల పోటీ. 12 గంటల్లో 310 చేసినవారికీ 40 గంటల్లో 310 చేసినవారికీ ఇవ్వాల్సిన సలహాలు వేరు.

ఇంకొకటి, లైసెన్సు వచ్చి 3 ఏళ్లు దాటకపోతే రూకీ ఓవర్‌లే ఉంది. లాగ్ పైభాగంలో ఆ వరుస పెట్టడం మరచిపోకండి. అప్పుడు కొత్తవాళ్ల పట్టికలోనూ మీ పేరు ఉంటుంది.

ఎప్పుడు చెప్పాలంటే, ముందు లాగ్ పంపండి. పోటీ ముగిశాక 5 రోజులే గడువు. పంపినట్టు జవాబు వచ్చాక స్కోరు చెప్పండి. వేరేవాళ్ల స్కోర్లు చూశాక విభాగం మార్చాలనే ఆలోచన కూడా అప్పుడిక రాదు.

రాత్రి శ్రోత:
మధ్యలో వస్తున్నాను, నాదీ ఇదే పోటీ. నా లాగ్‌లో ఒక కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు సంకేతం) చివరి అక్షరం సందేహంగా ఉంది. ఆ స్టేషన్ పేరు ఆన్‌లైన్ కాల్‌బుక్‌లో వెతికితే ఒక అక్షరం తేడాతో దొరికింది. పంపే ముందు సరిచేయవచ్చా? అలాగే డ్యూప్‌లు (ఒకే బ్యాండ్‌లో అదే స్టేషన్‌తో రెండోసారి చేసినవి) ఏడెనిమిది ఉన్నాయి, తీసేయమంటారా?

చుక్కగీత:
సరిచేయకూడదండీ. పోటీ అయ్యాక డేటాబేస్ చూసి గానీ, రికార్డింగ్ విని గానీ, అవతలివాళ్లకు మెయిల్ చేసి గానీ కాల్‌సైన్లు దిద్దకూడదని ఈ పోటీ నియమాల్లోనే ఉంది. గాలిలో మీరు విన్నదే లాగ్. ఆ ఒక్క క్యూఎస్ఓ పోతే పోనివ్వండి. అవతలి ఆపరేటర్ నిద్ర మానుకుని వినికిడి మీద సాధించిన దానికీ, కాల్‌బుక్ చూసి దిద్దిన దానికీ ఒకే విలువ కడితే పోటీ అనే మాటకే అర్థం ఉండదు.

డ్యూప్‌లను తీయకండి, వాటికి శిక్ష లేదు. మీరు తీసేసిన వరుసే అవతలివాళ్ల లాగ్‌లో అసలు క్యూఎస్ఓ అయి ఉండవచ్చు. మొదటిసారి వాళ్లు మీ కాల్ తప్పు రాసుకుని రెండోసారి సరిగ్గా రాసుకుని ఉంటే, మీరు ఆ రెండోదాన్ని తీసేయడం వల్ల వాళ్లు నష్టపోతారు. ఏదైనా వరుసకు నిజంగా పాయింట్లు వద్దనుకుంటే కాబ్రిల్లో ఫైల్లో (పోటీకి పంపే లాగ్ ఫైల్లో) దాని ముందు క్యూఎస్ఓ బదులు ఎక్స్-క్యూఎస్ఓ అని మారిస్తే చాలు. మీకు పాయింట్లు రావు, అవతలివాళ్లకు నష్టం ఉండదు.

తొలి లాగ్:
అయితే ఇప్పుడు కనబడే 67,200 చివరి స్కోరు కాదన్నమాట?

నలభై మీటర్లు:
కాదు. ఇది క్లెయిమ్డ్ స్కోరు, అంటే మీ వైపు లెక్క. నిర్వాహకులు వచ్చిన లాగ్‌లన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు. మీరు రాసిన క్యూఎస్ఓ అవతలి లాగ్‌లో లేకపోతే నాట్ ఇన్ లాగ్. కాల్‌సైన్ తప్పైతే బస్టెడ్ కాల్. రెంటికీ ఆ పాయింట్లు పోవడమే కాక అదనపు కోత కూడా ఉంటుంది. మల్టిప్లయర్ మొత్తం ఆ ఒక్క క్యూఎస్ఓ మీదే ఆధారపడి ఉంటే దెబ్బ పెద్దది. ఉదాహరణకు మీకు ఒక దేశం ఇచ్చిన ఒకే ఒక్క 3 పాయింట్ల క్యూఎస్ఓ పోతే 557ను 119తో గుణించాలి: 66,283. కోత కలపకముందే 917 పోయింది.

అందుకే స్కోరు చెప్పేటప్పుడు క్లెయిమ్డ్ అని స్పష్టంగా రాయండి. ఫలితాలు వచ్చాక లాగ్ చెక్ రిపోర్టు కూడా వస్తుంది. స్కోరు కన్నా దాన్నే శ్రద్ధగా చదవమంటాను. ఏ అక్షరాలు తప్పు వింటున్నారో, రోజులో ఏ వేళ తప్పులు ఎక్కువవుతున్నాయో అందులో తెలుస్తుంది. రెండో రాత్రి తెల్లవారుజామున తప్పులు గుట్టగా కనబడితే, ఆ గంటలో కాసేపు పడుకోవడమే మంచిది.

రాత్రి శ్రోత:
పోటీ జరుగుతుండగానే స్కోర్లు కనబడే బోర్డులు ఉన్నాయి కదా, వాటికి పంపడం నియమ విరుద్ధమా? మా సీనియర్ ఒకరు గడువు ముగిసేదాకా ఎవరికీ అంకె చెప్పరు.

చుక్కగీత:
ఎన్‌వన్‌ఎంఎం లాగర్ ప్లస్ అనే లాగింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో స్కోర్ రిపోర్టింగ్ అనే భాగం ఉంది. అక్కడ వివరాలు నింపితే కంటెస్ట్ ఆన్‌లైన్ స్కోర్‌బోర్డు లాంటి వాటికి స్కోరు దానంతటదే వెళుతూ ఉంటుంది. మీ ఫ్రీక్వెన్సీ చెప్పుకోవడం సెల్ఫ్ స్పాటింగ్, అది ఈ పోటీలో నిషిద్ధం. స్కోరు చూపించడం అది కాదు. అయినా ప్రతి పోటీ నియమావళినీ ఆ ఏడాదిది చదివాకే మొదలుపెట్టండి.

మీ సీనియర్ గారి పద్ధతి ఆయన ఇష్టం, తప్పుపట్టను. పైవరుసలో పోరాడేవాళ్లు తమ పట్టు బయటపెట్టరు. కానీ కొత్తవాళ్లు దాచుకుంటే వాళ్లకే నష్టం. బోర్డు మీద మీలాంటి స్టేషన్ మీకన్నా ముందుంటే, ఆ వేళ ఏదో బ్యాండ్ తెరుచుకుందని, మీరు అటువైపు చూడలేదని అర్థం. ఆ సంగతి పోటీ అయ్యాక తెలిస్తే వచ్చే ఏడాదికే పనికొస్తుంది, అప్పుడే తెలిస్తే ఆ గంటకే.

తొలి లాగ్:
లాగ్ పంపేశాను, అందినట్టు జవాబు వచ్చింది. సమ్మరీ కూడా క్లెయిమ్డ్ అని రాసి పెట్టాను. నవంబరు చివరి వారాంతంలో సీడబ్ల్యూ భాగం ఉంది గానీ నాకు ఇంకా మోర్స్ వేగం లేదు. తర్వాతి ఎస్‌ఎస్‌బీ పోటీ మార్చిలో డబ్ల్యూపీఎక్స్ కదా. అక్కడా ఇదే లెక్కా?

నలభై మీటర్లు:
కాదు, అక్కడ వ్యూహమే మారుతుంది. డబ్ల్యూపీఎక్స్‌లో మల్టిప్లయర్ అంటే కాల్‌సైన్ ప్రిఫిక్స్, అంటే కాల్‌సైన్ మొదటి భాగం. ఒక ప్రిఫిక్స్‌ను పోటీ మొత్తం మీద ఒక్కసారే లెక్కిస్తారు, బ్యాండ్ మారినా మళ్లీ రాదు. దానికి బదులు 40, 80, 160 మీటర్లలో పాయింట్లు రెట్టింపు: వేరే ఖండానికి 6, సొంత ఖండంలోని వేరే దేశానికి 2. సొంత దేశం స్టేషన్‌కు ఏ బ్యాండ్‌లోనైనా 1 పాయింటు. కాబట్టి అక్కడ బ్యాండ్ మార్చేది మల్టిప్లయర్ల కోసం కాదు, పాయింట్ల కోసం. 40 మీటర్ల డైపోల్ ఆలోపు కట్టేస్తే మీకు బాగా కలిసొస్తుంది. సింగిల్ ఆపరేటర్ 48 గంటల్లో 36 గంటలే పని చేయాలి. విరామం కనీసం 60 నిమిషాలు ఉంటేనే లెక్కలోకి వస్తుంది, 45 నిమిషాలు లేచి తిరిగినా అది పని చేసిన సమయమే. ఎక్స్ఛేంజ్‌లో (క్యూఎస్ఓలో ఇచ్చిపుచ్చుకునే వివరాల్లో) జోన్ బదులు వరుస సంఖ్య ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌లో పోటీ పేరు సరిగ్గా ఎంచుకుని, శుక్రవారమే రెండు నకిలీ క్యూఎస్ఓలు కొట్టి చూసి, సంఖ్య పెరుగుతోందని రూఢి చేసుకుని వాటిని తుడిచేయండి. 73 (శుభాకాంక్షలు).