చిన్న ఆఫీసు డెస్క్‌టాప్, 200 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై): అమ్మాయి రెండరింగ్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించాలి?

నెల్లూరు నాన్న

అందరికీ నమస్కారం. చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తుంటాను, ఇల్లు పెరంబూర్‌లో. టాలీ, ఎక్సెల్ బాగా వచ్చు గానీ కంప్యూటర్ లోపలి సంగతులు ఈ నెల రోజుల్లోనే నేర్చుకుంటున్నాను. తప్పు రాస్తే దిద్దండి.

మా అమ్మాయి బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్) మూడో సంవత్సరం. రెండేళ్ల కిందట మా షాపులో పాత సిస్టమ్స్ తీసేస్తుంటే ఒకటి నేను కొనుక్కున్నాను. పేరున్న కంపెనీ ఆఫీసు మోడల్, ఎస్ఎఫ్ఎఫ్ (చిన్న సైజు) క్యాబినెట్. పడుకోబెడితే రెండు పెళ్లి ఆల్బమ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఉంటుంది. ఐ5-8500 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, తర్వాత నేను వేయించిన 512 జీబీ ఎస్ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదానితోనే నడుస్తోంది.

మొదటి రెండేళ్లు ఆటోక్యాడ్, స్కెచ్‌అప్ వరకు ఇబ్బంది లేదు. ఈ ఏడాది బ్లెండర్ మొదలైంది, 3డీ మోడల్‌ను ఫొటో లాంటి బొమ్మగా మార్చే (అదే రెండరింగ్) సాఫ్ట్‌వేర్. పోయిన నెల కాలేజీలో ప్రాజెక్టు చూపించే జ్యూరీ ముందు రోజు రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చి చూస్తే హాల్లో లైటు వెలుగుతోంది. తెర మీద ఇసుక చల్లినట్టున్న బొమ్మ కొద్దికొద్దిగా తేటపడుతోంది, మా అమ్మాయి మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. ఒక్కో వ్యూకి (ఒక్కో కోణంలో బొమ్మకు) 50 నిమిషాలు పడుతోందట. ఆరు వ్యూలు కావాలి, తెల్లారేసరికి నాలుగే అయ్యాయి. మిగతా రెండు చోట్లా స్కెచ్‌అప్ స్క్రీన్‌షాట్లు పెట్టి షీట్లు ప్రింట్ తీసుకుని వెళ్లింది. నాతో ఒక్క మాట అనలేదు, వాళ్లమ్మ చెబితే తెలిసింది.

శనివారం కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. ఒక షాపులో "3050 వేసుకోండి సార్, సరిపోతుంది" అన్నారు. ఇంకో షాపులో 200 వాట్ల ఎస్ఎంపీఎస్ అని చెబితే, హార్డ్‌డిస్క్‌కు వెళ్లే కరెంటునే కార్డుకు మళ్లించే కన్వర్టర్ కేబుల్ ఉంది, ఇస్తామన్నారు. మూడో షాపులో ఈ డబ్బాకు ఏ కార్డూ పట్టదు, కొత్తది కొనమన్నారు. ముగ్గురూ మూడు మాటలు చెప్పారు, ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ మీద మొత్తం 200 వాట్లు, 12 వోల్టుల దగ్గర 16.5 ఆంపియర్లు అని ఉంది. లోపల కార్డులు గుచ్చే ఒక పొడుగు స్లాట్, ఒక పొట్టి స్లాట్ ఉన్నాయి. రెండూ ఖాళీ. ఏం కొనాలి? డబ్బు కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటాను గానీ, కొన్నది వృథా కాకూడదు.

బ్లెండర్ బుజ్జి

అంకుల్, బెంగళూరు నుంచి రాస్తున్నాను, నేనూ బ్లెండర్ వాడతాను. మొదటి షాపు ఆయన చెప్పింది సగం నిజం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో రెండు రకాల కార్డులున్నాయి. 8 జీబీది 130 వాట్లు తాగుతుంది, దానికి ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా పవర్ కేబుల్ కావాలి. మీ సిస్టమ్‌లో ఆ కేబుల్ ఉండదు. 2024 ఫిబ్రవరిలో 6 జీబీది వచ్చింది. అది 70 వాట్లే, కేబుల్ అక్కర్లేదు, స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటుంది. అందులో పొట్టి క్యాబినెట్లకు సరిపోయే లో ప్రొఫైల్ మోడళ్లు కూడా దొరుకుతాయి. బిల్లు మీద 6 జీబీ అని, లో ప్రొఫైల్ అని రెండూ రాయించుకోండి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ అయితే బ్లెండర్‌లో ఆప్టిక్స్ అనే పద్ధతిలో రెండర్ అవుతుంది. మీ ప్రాసెసర్‌తో పోలిస్తే పగలూ రాత్రీ తేడా కనిపిస్తుంది.

ఎస్ఎంపీఎస్ సర్వీస్

అన్నగారూ, నేను సూళ్లూరుపేట వాడిని, పదకొండేళ్లుగా చెన్నైలో డెస్క్‌టాప్‌ల సర్వీసే నా పని. మీరు వివరంగా రాశారు కాబట్టి నేనూ వివరంగానే రాస్తాను.

ముందు ఆ కన్వర్టర్ కేబుల్ మాట మర్చిపోండి. హార్డ్‌డిస్క్‌కు కరెంటు ఇచ్చే సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు ఉన్నవి మూడు పిన్నులు, ఒక్కోటి మోయగలిగేది ఒకటిన్నర ఆంపియర్. అన్నీ కలిపితే 54 వాట్లు. ఎనిమిది పిన్నుల కార్డు అదే దారిలో 150 వాట్ల దాకా అడగొచ్చు. పైగా చాలా ఆఫీసు మోడళ్లలో ఆ సాటా వైర్లు ఎస్ఎంపీఎస్ నుంచి రావు, మదర్‌బోర్డు మీద నుంచే సన్నగా వస్తాయి. మూడేళ్ల కిందట నా బల్ల మీదికి అలాంటి సిస్టమ్ ఒకటి వచ్చింది. మూత తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన. కనెక్టర్ కరిగి ఎస్ఎస్‌డీకి అతుక్కుపోయింది, లాగితే పిన్నులు ఊడి చేతికొచ్చాయి. ఆ కుర్రాడి ప్రాజెక్టు అందులోనే ఉంది, తిరిగి తీయలేకపోయాను. అప్పటి నుంచి ఈ కేబుల్ గురించి అడిగిన ప్రతి ఒక్కరికీ వద్దనే చెబుతున్నాను.

ఎస్ఎంపీఎస్ మార్చడం కూడా తేలిక కాదు. ఈ మోడళ్లలో మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టర్ సాధారణంగా మామూలు 24 పిన్నులది కాదు, కంపెనీ సొంతది. బయట దొరికే ఎస్ఎంపీఎస్ ఆ క్యాబినెట్‌లో కూర్చోదు కూడా. అంచేత 200 వాట్లలోనే ఇల్లు గడవాలి.

లెక్క చూడండి. ప్రాసెసర్ మీద 65 వాట్లని ఉన్నా కాసేపు అంతకు మించి లాగుతుంది, 90 అనుకుందాం. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లకు 30. మిగిలింది 80. 70 వాట్ల కార్డు నడుస్తుంది గానీ అంచు మీద నడుస్తుంది. మే నెలలో మన చెన్నై ఎండకు గది ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. 50 వాట్ల కార్డయితే నిశ్చింతగా ఉండొచ్చు.

పొడుగు స్లాట్ మామూలుగా 75 వాట్ల దాకా ఇవ్వగలదు. కొన్ని ఆఫీసు మోడళ్లలో మాత్రం కంపెనీ అంతకంటే తక్కువకు కట్టేస్తుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ నెట్‌లో దొరుకుతుంది, ఆ స్లాట్‌కు ఎన్ని వాట్లని రాశారో చూడండి. రెండో సంగతి, ఆ పొడుగు స్లాట్ ఎస్ఎంపీఎస్ డబ్బా పక్కనే ఉందా, లేక మధ్యలో పొట్టి స్లాట్ ఉందా? స్కేలు పెట్టి కొలిచి చెప్పండి. 3050 లో ప్రొఫైల్ కార్డులు రెండు స్లాట్ల మందం ఉంటాయి, దాదాపు నాలుగు సెంటీమీటర్లు. అది తేలకుండా ఏదీ కొనొద్దు.

నెల్లూరు నాన్న

తమ్ముడూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా సంతోషం. నిన్న రాత్రి అమ్మాయి స్టీలు స్కేలు తీసుకుని మూత తెరిచాను. పొడుగు స్లాట్ ఎస్ఎంపీఎస్ పక్కనే ఉంది. స్లాట్ నుంచి ఆ రేకు డబ్బా దాకా 22 మిల్లీమీటర్లు, అంతే. నా బొటనవేలు పెడితే బిగుతుగా పట్టింది. మాన్యువల్‌లో ఆ స్లాట్‌కు 75 వాట్లని ఉంది.

మీరు అడగకపోయి ఉంటే శనివారమే 3050 కొనేవాణ్ని. పొట్టి స్లాట్‌లో పెడితే అవతల జాగా ఉంది కదా, అలా కుదరదా?

ఎస్ఎంపీఎస్ సర్వీస్

కుదరదన్నా. ఆ పొట్టిది ఎక్స్4 స్లాట్, దాని వాటా 25 వాట్లే. 22 మిల్లీమీటర్లంటే ఒక స్లాట్ మందం కార్డే పడుతుంది. లో ప్రొఫైల్, సింగిల్ స్లాట్, కేబుల్ లేనిది, ఈ మూడూ కుదిరేవి చాలా తక్కువ.

ఏఎండీ ఆర్ఎక్స్ 6400లో అలాంటివి ఉన్నాయి, 53 వాట్లు. కానీ మెమరీ 4 జీబీ. సీన్‌లో నాలుగు చెట్లు, గడ్డి, పెద్ద టెక్స్చర్లు (గోడ, నేల లాంటి వాటి మీద అతికించే బొమ్మలు) పడగానే నిండిపోతుంది. పైగా దానికున్నవి నాలుగు లేన్లే (బోర్డుతో డేటా నడిచే దారులు), మీ బోర్డు పాత 3.0 రకం కాబట్టి ఇంకాస్త నెమ్మది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) ఉండాలి, ఎనిమిదో తరం ఆఫీసు బోర్డుల్లో అది ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు.

ఆఫీసు వర్క్‌స్టేషన్ల కోసం ఎన్విడియా వేరే వరుస చేస్తుంది. ఆట ఆడేవాళ్లు వాటి వైపు చూడరు కాబట్టి షాపుల్లో ముందు వాటి పేరు ఎత్తరు. టీ1000 ఉంది, 50 వాట్లు, 8 జీబీ రకం దొరుకుతుంది, సింగిల్ స్లాట్. కానీ అందులో రే ట్రేసింగ్ కోర్లు (వెలుతురు దారిని వేగంగా లెక్కగట్టే భాగాలు) లేవు. 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ ఏ1000 మీకు సరిగ్గా సరిపోతుంది. 50 వాట్లు, 8 జీబీ, సింగిల్ స్లాట్, పొడవు పదహారున్నర సెంటీమీటర్ల లోపే. బుజ్జి చెప్పిన 3050 6 జీబీలో ఎన్ని సీయూడీఏ కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉన్నాయో ఇందులోనూ అన్నే, 2304. తక్కువ కరెంటు కాబట్టి స్పీడు కొంచెం తగ్గుతుంది, మెమరీ మాత్రం రెండు జీబీలు ఎక్కువ. రెండరింగ్‌కు నేనైతే ఆ మెమరీకే ఓటేస్తాను.

దీని వెనక హెచ్‌డీఎంఐ ఉండదు, నాలుగూ మినీ డిస్‌ప్లేపోర్టులే. మినీ డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి కేబుల్ అదే రోజు కొనేయండి. ఇంటికొచ్చాక తెర నల్లగా ఉందని కంగారు పడకూడదు.

కోరమంగళ సుబ్బు

నా మాట వేరే. ఏడేళ్ల పాత సిస్టమ్‌లో అంత డబ్బు పోయడం ఎందుకు సార్? అది అమ్మేసి మామూలు టవర్ కొనండి, రేపు ఏ కార్డైనా పడుతుంది.

నెల్లూరు నాన్న

సుబ్బు గారూ, ఆ ఆలోచన నాకూ వచ్చింది. కానీ టవర్, దానికి కార్డు, అన్నీ కలిపితే ఈ సెమిస్టర్ ఫీజు కట్టాక నా వల్ల కాదు. రేపు టవర్ కొన్నా ఈ కార్డు అందులోకి మార్చుకోవచ్చు కదా. ఈ సిస్టమ్ మా హాల్లో టీవీ కింద అరలో పడుతుంది, అది కూడా మాకు ముఖ్యమే.

నెల్లూరు నాన్న

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఏ1000 తీసుకున్నాం. రిచీ స్ట్రీట్‌లో మొదటి రెండు షాపుల్లో లేదు, ఒక చోట ముందు చెబితే తెప్పించారు. కార్డుకు పొడుగు బ్రాకెట్ (వెనక బిగించే రేకు) బిగించి ఉంది, పొట్టిది ప్యాకెట్‌లో విడిగా ఇచ్చారు. చిన్న స్క్రూలు విప్పి అమ్మాయే మార్చింది, నేను టార్చి పట్టుకున్నాను. కార్డు కూర్చున్నాక ఎస్ఎంపీఎస్‌కు, దానికి మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు మిగిలింది. గాలి ఆడటానికి క్యాబినెట్‌ను అరలోంచి తీసి బల్ల మీద నిలబెట్టాం.

ఆ రాత్రి ఆగిపోయిన రెండు వ్యూలనే మొదట పెట్టింది. 50 నిమిషాలు పట్టేది ఆరు నిమిషాల్లో అయిపోయింది. రెండోది మొదలుపెట్టి అన్నం తినడానికి లేచింది, పప్పు కలుపుకునేలోపే అయిపోయింది. తమ్ముడూ, మీకు, బుజ్జికి మా ఇంట్లో అందరి తరఫునా కృతజ్ఞతలు.

ఎస్ఎంపీఎస్ సర్వీస్

చాలా సంతోషం అన్నా. ఒక చిన్న మాట. బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో ఆప్టిక్స్ కింద కార్డుకు, ప్రాసెసర్‌కు రెండింటికీ టిక్ పెట్టే వీలుంటుంది. కార్డుకు మాత్రమే పెట్టమనండి. రెండూ ఒకేసారి లాగితే ఆ 200 వాట్ల మీద బరువు పడుతుంది, కలిసొచ్చే సమయం తక్కువ. రెండు నెలలకోసారి మూత తీసి దుమ్ము ఊదించండి.

నెల్లూరు నాన్న

చూశాను, రెండింటికీ ఉంది, తీయించాను. ఇంకొక్కటి అడగొచ్చా? అమ్మాయి స్నేహితురాలి దగ్గర ఇలాంటి చిన్న సిస్టమే ఉంది, కంపెనీ వేరు, 180 వాట్లు. మాన్యువల్‌లో స్లాట్‌కు 35 వాట్లే అని ఉందట. దానికేమైనా దొరుకుతుందా?

ఎస్ఎంపీఎస్ సర్వీస్

35లో పట్టేది జీటీ 1030 లాంటిది, 30 వాట్లు, మెమరీ 2 జీబీ. రెండో మానిటర్ పెట్టుకోవడానికి పనికొస్తుంది, బ్లెండర్‌కు కాదు. ఆ అమ్మాయిని డబ్బు ఖర్చు పెట్టొద్దనండి. టెక్స్చర్లు ఫైల్లోనే ప్యాక్ చేసి పెన్‌డ్రైవ్‌లో మీ ఇంటికి తెచ్చుకోమనండి.