టెన్నిస్ ఎల్బో ముదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న (అంబాజీపేట): మాది కొబ్బరికాయల వొలుపు పని అండీ. కుడి మోచేయి బయటి వైపు ఎముక దగ్గర నొప్పి. మొదట్లో పనయ్యాకే సలిపేది, ఇప్పుడు పొద్దున్నే టీ గ్లాసు ఎత్తినా చురుక్కుమంటోంది. టెన్నిస్ ఎల్బో అన్నారు. చెయ్యి పడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాజోలు): చెయ్యి పడిపోదు అన్నా, ఆ భయం పెట్టుకోకు. మణికట్టును పైకి లేపే కండరం ఎముకకు అతుక్కునే చోట టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి పోగు) దెబ్బతింటుంది, అంతే. పనయ్యాక మాత్రమే నొప్పి ఉంటే తొలిదశ, పనిలోనే వస్తే కాస్త ముదిరినట్టు, పట్టు జారి చెంబు కింద పడుతున్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా బాగా ముదిరినట్టు. నీది మధ్యలో ఉన్నట్టుంది. చెయ్యి చాపి, అరచెయ్యి కిందికి ఉంచి ప్లాస్టిక్ కుర్చీని వీపు పట్టుకుని లేపి చూడు, నెలనెలా తేడా నీకే తెలుస్తుంది.

జవాబు (భీమవరం): చెరువులో వల లాగే మా బాబాయికీ ఇదే వచ్చింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కి తొందరపడకండి, కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది గానీ ఏడాది తిరిగేసరికి వేయించుకోని వాళ్ళే మెరుగ్గా ఉంటారు. చాలామందికి ఏడాదిలోపు తగ్గిపోతుంది, కొందరికి రెండేళ్ళూ పడుతుంది. చిన్న బరువు పట్టుకుని మణికట్టును నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం ఫిజియో దగ్గర నేర్చుకోండి.

జవాబు (అమలాపురం): వేళ్ళు తిమ్మిరెక్కినా, నొప్పి మెడ నుంచి దిగుతున్నా అది వేరే సమస్య కావచ్చు, మెడ కూడా చూపించుకోండి.

అంబాజీపేట: తిమ్మిరి లేదండీ. రేపే ఫిజియో దగ్గరికి వెళ్తా, అప్పటిదాకా వొలుపు మా తమ్ముడు చూసుకుంటాడు.