మండువా ఇంటి మట్టిగోడ మీద సిమెంటు పూత ఊడిపోతోంది, మళ్ళీ పూయించవచ్చా?

ప్రశ్న: కోనసీమలో పాత మండువా లోగిలి. గోడలు మట్టివి, అడుగున్నర మందం. నాలుగేళ్ళ కిందట బయటివైపు సిమెంటు పూయించారు. ఇప్పుడు కింద మూడడుగుల మేర పూత ఉబ్బి పెచ్చులూడుతోంది, లోపలి మట్టి గుల్లబారి రాలుతోంది. మేస్త్రి మళ్ళీ సిమెంటే పూద్దామంటున్నారు.

జవాబు 1: పూయించకండి. మన డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది కాబట్టి గోడకి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. మట్టిపూత, సున్నం దాన్ని ఎప్పటికప్పుడు ఆరనిస్తాయి. సిమెంటు లోపలే బిగించేస్తుంది, వెనక మట్టి ముద్దవుతుంది. అమెరికాలో న్యూమెక్సికోలోని రాంచోస్ డి టావోస్ చర్చిది పచ్చి ఇటుక గోడ. దానికి 1967లో సిమెంటు పూశారు. లోపల తడి చేరి గోడ పాడవడంతో 1979లో అదంతా ఒలిచి, మళ్ళీ మట్టే పూశారు.

ముందు నేలమట్టం చూడండి. రోడ్డు ఎత్తు చేసినప్పుడల్లా వాకిలి మెరక చేస్తే పునాది రాళ్ళు పూడి, మట్టిగోడే నేలకి తగులుతుంది. గోడ పక్కన వాకిలి నేలని మట్టిగోడ మొదలు కన్నా అడుగు దిగువన ఉండేలా తవ్వించి, నీళ్ళు బయటికి పోయేలా వాలు పెట్టించండి. ఇది చేయకుండా ఏ పూత పూసినా దండగే.

జవాబు 2: పైవారు చెప్పింది నిజం. పూతని మాఘమాసంలో, పైనుంచి కిందకి ఉలితో నెమ్మదిగా ఒలిపించండి. డ్రిల్లింగ్ మెషిన్ పెడితే గోడే అదిరి బీటలిస్తుంది. నెలరోజులైనా ఆరనివ్వాలి. గుంతల్లో సిమెంటు ఇటుక పెట్టొద్దు. ఆ గోడ మట్టితోనే చేసి ఎండబెట్టిన పచ్చి ఇటుకలు, గోడ తడిపి, మట్టి అడుసుతో పేర్చాలి.

ప్రశ్న: పూతకి చెరువు నల్లమట్టి పనికొస్తుందా అండి?

జవాబు 2: ఒక్కటే అయితే ఆరేటప్పుడు కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఒక పాలు మట్టికి రెండు మూడు పాళ్ళు గోదారి ఇసుక, జానెడు కన్నా పొట్టిగా తరిగిన వరిగడ్డి కలిపి వారం నానబెట్టి తొక్కించండి. సముద్రపు ఇసుక అసలొద్దు, ఉప్పు పొంగుతుంది. ముందు అడుగు చదరాన మూడు పాళ్ళలో మూడు చోట్ల పూసి చూడండి: నెర్రెలొస్తే ఇసుక పెంచాలి, వేలికి పొడి అంటితే తగ్గించాలి. అంగుళం పూత ఆరాక పావంగుళం మెత్తటి పూత, ఆపైన సున్నం వెల్ల.

జవాబు 3: మండువా నాలుగు మూలలూ చూశారా? ఇంటికప్పు రెండు వాలుల నీళ్ళూ అక్కడే దిగుతాయి. పెంకుల కింద రేకు చిల్లుపడితే గోడ పైనుంచి నానుతుంది. మండువా తూము కూడా పూడిక తీయించండి.