"వినదగు నెవ్వరు చెప్పిన": ఆ 'ఎవ్వరు'లో ర్యాపర్లు కూడా ఉన్నారా?

అమెరికాలో ఉంటున్న సభ్యులొకరు గ్రూపులో అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. వాళ్ళబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు. గదిలో టుపాక్ షకూర్ అనే అమెరికన్ ర్యాపర్ (తాళానికి తగ్గట్టు మాటల్ని లయగా చెబుతూ పాడేవాడు) పోస్టరు పెట్టుకున్నాడు, అతనే తన రోల్ మోడల్ అంటున్నాడు. తండ్రి కోప్పడితే, తెలుగు బడిలో నేర్చుకున్న సుమతీ పద్యం అప్పజెప్పి "ఎవరు చెప్పినా వినమని మీరేగా నేర్పించారు" అన్నాడట. పిల్లవాడు పద్యాన్ని సరిగ్గా వాడాడా అని వారి సందేహం. చాలా మంచి ప్రశ్న. వ్యాఖ్యలో ఇమడదని విడిగా రాస్తున్నాను.

ముందు పద్యం:

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడెపో నీతిపరుడు మహిలో సుమతీ!

మొదటి పాదంలో 'చెప్పిన' అంటే చెప్పినన్, ఈనాటి మాటలో 'చెప్పినా'. ఎవరు చెప్పినా వినదగును. చెప్పేవాడి వయసు, కులం, చదువు, నడవడి, వేటి ఊసూ ఇక్కడ లేదు. వినడానికి ముందు చెప్పేవాడి గుణగణాలు ఆరా తీయమని శతకకారుడు అనలేదు. కాబట్టి పచ్చబొట్లు, జైలు, బూతులు చూపించి "వాడి మాట వినకూడదు" అంటే ఈ పద్యం ఒప్పుకోదు. ఇంతవరకు అబ్బాయి వాదన నిలుస్తుంది. చిక్కల్లా అతను మొదటి పాదం దగ్గరే ఆగిపోవడం.

రెండో పాదంలో 'వేగపడక' అన్న మాటను మనం ఒక్క వైపే అన్వయిస్తాం. వినగానే నమ్మేయొద్దని పిల్లలకు చెప్తాం. వినగానే కొట్టిపారేయడం కూడా వేగపడటమే కదా? ర్యాప్ విషయంలో పెద్దవాళ్ళు చాలామంది వినకముందే వేగపడతారు. ఇక 'వివరింపదగున్' దగ్గర పిల్లలు పొరబడతారు. ఇప్పుడు వివరించడమంటే ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడం. ఇక్కడ అది కాదు. విన్నదాన్ని విప్పి చూసుకోవడం, విచారించడం. ఎవరికి వాళ్ళు చేసుకోవలసిన పని.

అసలు విషయం నాలుగో పాదంలో ఉంది. తాత్పర్యం బట్టీపట్టి దాటేస్తాం కాబట్టి కంటికి ఆనదు. ఈ పద్యంలో నీతిపరుడు ఎవరు? చెప్పినవాడు కాదు, విన్నవాడు. విని, తొందరపడకుండా, కల్ల ఏదో నిజం ఏదో తేల్చుకున్న మనిషి. 'మనుజుడె'లో ఏకారం, దాని వెనక 'పో', రెండూ ఆ మాటను నొక్కడానికే వచ్చాయి. వాడే సుమా నీతిపరుడు అని. చెప్పినవాడు ఎలా బతికాడో, వాణ్ణి అనుసరించాలో లేదో పద్యంలో ఎక్కడా లేదు. రోల్ మోడల్ అంటే ఆ మనిషి నడిచిన దారిలో నడవడం. "అతని మాట వింటాను" అన్నదానికి ఈ పద్యం సాక్ష్యం. "అతనిలా బతుకుతాను" అంటే అబ్బాయి ఇంకో పద్యం వెతుక్కోవాలి.

టుపాక్ విషయంలో ఈ తేడా తెలియడం చాలా అవసరం. తల్లి అఫేనీ షకూర్ నల్లవారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్త. కడుపులో బిడ్డను మోస్తూనే న్యూయార్క్ కోర్టులో తన కేసు తానే వాదించుకుని 1971 మేలో నిర్దోషిగా బయటపడింది. జూన్‌లో టుపాక్ పుట్టాడు. బాల్టిమోర్‌లోని కళల పాఠశాలలో నటన, కవిత్వం, బాలే నేర్చుకున్నాడు. 1991లో, ఇరవై ఏళ్ళ వయసులో, 'బ్రెండాస్ గాట్ ఎ బేబీ' అనే పాట చేశాడు. గర్భవతి అయిన పన్నెండేళ్ళ పిల్ల కథ అది. పత్రికలో చదివిన ఒక వార్త నుంచి పుట్టింది. ఆ పిల్ల గురించి వాడలో ఎవరూ పట్టించుకోలేదన్న బాధ పాటంతా ఉంటుంది. 'డియర్ మామా'లో తల్లి మత్తుమందుకు బానిస అయిన సంగతి దాచకుండానే ఆమెకు దణ్ణం పెట్టాడు. ఆ పాటను అమెరికా జాతీయ గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, భద్రపరచదగిన ధ్వనిముద్రణల్లో చేర్చింది. అమ్మను అంత నిజాయితీగా తలచుకున్న పాట వినొద్దని నేను ఏ పిల్లవాడికీ చెప్పలేను.

అదే మనిషి 1993లో 'కీప్ యా హెడ్ అప్' పాడాడు. ఆడవాళ్ళను గౌరవించమని తోటి మగవాళ్ళను నిలదీసే పాట. అదే ఏడాది నవంబరులో ఒక హోటల్ గదిలో జరిగిన ఘటన గురించి ఒక యువతి ఫిర్యాదు చేసింది. తాను ఏ తప్పూ చేయలేదని అతను చివరిదాకా అన్నాడు. 1994 డిసెంబరులో జ్యూరీ అతన్ని లైంగిక దుర్వినియోగ (sexual abuse) నేరంలో దోషిగా తేల్చింది. మరి కొన్ని అభియోగాలు కొట్టేసింది. జైలుకు వెళ్ళాడు. 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో ఎవరో కాల్చితే ఆరు రోజులకు చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవై అయిదేళ్ళు.

ఈ రెండు పేరాల్లో ఏ ఒక్కటి దాచినా కల్ల చెప్పినట్టే. పోస్టరు చింపమనేవాళ్ళు మొదటిది దాస్తారు. పోస్టరు అంటించుకున్నవాళ్ళు రెండోది దాస్తారు.

ఇంకో సంగతి. ర్యాప్ పాటలో 'నేను' అన్నది ప్రతిసారీ పాడేవాడు కాదు. తుపాకీ పట్టాను, చంపాను అన్న చాలా పాటల్లో ఆ 'నేను' ఒక పాత్ర. క్షేత్రయ్య పదాల్లో విరహపడే 'నేను' నాయిక అని మనకు తెలుసు, క్షేత్రయ్య అని ఎవరూ అనుకోరు. ర్యాప్ దగ్గరికొచ్చేసరికి ఈ జ్ఞానం మరిచిపోతాం. పిల్లలూ మరిచిపోతారు. ఒక్కోసారి కోర్టుల్లో కూడా ఈ పాటలను నేరం ఒప్పుకోలుగా చూపించారు. అందుకే 2022లో కాలిఫోర్నియా చట్టం చేసింది. కళారూపాలను సాక్ష్యంగా తేవాలంటే న్యాయమూర్తి ముందుగా వాటి విలువనూ, వాటివల్ల కలిగే పక్షపాతాన్నీ తూచి చూడాలి. 'వేగపడక వివరింపదగున్' అన్నదాన్ని శాసనంగా రాస్తే ఇలాగే ఉంటుందని నాకనిపించింది.

వ్యాఖ్య: పాదంలో 'చెప్పిన' సరైనదా, 'సెప్పిన' సరైనదా? మా పాత పుస్తకంలో 'సెప్పిన' అని ఉంది.

జవాబు: రెండూ సరే. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు బహుళంగా వస్తాయి కదా. అంటే ప్రథమా విభక్తి పదం తర్వాత వచ్చే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగా మారవచ్చు, మారకపోవచ్చు. 'ఎవ్వరు' తర్వాత చకారం సకారమైంది. బహుళం కాబట్టి రాకపోయినా తప్పు లేదు. ప్రాస రెండో అక్షరం నకారంతో నడుస్తోంది, దానికి ఏ ఇబ్బందీ లేదు.

వ్యాఖ్య: అండీ, ఇదంతా బాగానే ఉంది కానీ ఆడవాళ్ళను అంత నీచంగా తిట్టే పాటలను సుమతీ శతకం పక్కన పెట్టడం నాకు కష్టంగా ఉంది.

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోంది. ర్యాప్‌లో ఆడవాళ్ళ గురించి వాడే మాటలు చాలావాటిని నేను సమర్థించను, పిల్లల ముందు అసలే సమర్థించను. కానీ సుమతీ శతకం మొత్తం ఒకసారి తిరగేయండి. స్త్రీ నమ్మకాన్ని, పాములతో చెలిమిని ఒకే వరసలో చేర్చి అన్నీ బూటకమేనన్న పద్యం అందులోనే ఉంది. మనం ఏం చేశాం? శతకాన్ని తగలబెట్టలేదు. 'అక్కరకు రాని చుట్టము', 'ఉపకారికి నుపకారము' లాంటివి ఏరుకుని పిల్లలకిచ్చాం. పాము పద్యాన్ని పక్కన పెట్టాం. వందల ఏళ్ళ నాటి కవికి ఇచ్చిన ఆ జాగ్రత్తనే ఈనాటి ర్యాపర్‌కూ ఇవ్వమంటున్నాను. వేమన సంగతి చూడండి. లోకంలో చెప్పుకునే కథల్లో ఆయన వయసులో వేశ్య వలలో పడి ఇల్లు గుల్ల చేసినవాడు. ఆ కథ చెప్పీ, పద్యాలూ నేర్పుతున్నాం.

వ్యాఖ్య: వేమన మారాడు సార్. యోగి అయ్యాడు. ఈ ర్యాపర్లు మారతారా?

జవాబు: ఈ తేడా నిజమే, మంచి పాయింటు పట్టారు. టుపాక్ మారేవాడో కాదో తెలుసుకునేంత కాలం అతనికి దొరకలేదు. అయితే మారినవాళ్ళ మాటే వినాలి అని షరతు పెడితే మళ్ళీ మొదటి పాదం దెబ్బతింటుంది. ఇక్కడ కెండ్రిక్ లామార్ గురించి ఒక్క మాట. 2018లో సంగీతానికి అమెరికాలో పెద్ద గౌరవమైన పులిట్జర్ బహుమతి పొందిన ర్యాపర్. శాస్త్రీయ సంగీతం, జాజ్ దాటి ఆ బహుమతి బయటివాళ్ళకు వెళ్ళడం అదే మొదలు. అంత పేరు వచ్చాక 2022లో చేసిన పాటలో, నేను మిమ్మల్ని ఆలోచింపజేశానేమో గానీ మీ రక్షకుణ్ణి కాను అన్న అర్థంలో తేల్చి చెప్పాడు. తనను నెత్తిన పెట్టుకోవద్దని అతనే అంటుంటే మనం బలవంతంగా పీట వేయడం దేనికి? ఆ పీట మీద కూర్చోవలసినవాళ్ళు పిల్లవాడికి రోజూ కనిపించేవాళ్ళు. తప్పు చేసినప్పుడు ఎలా సర్దుకుంటున్నారో కళ్ళారా చూసే అవకాశం ఉన్నవాళ్ళు. పోస్టర్లో మనిషి రాత్రి ఇంటికొచ్చి ఎలా మాట్లాడతాడో ఏ అభిమానికీ తెలియదు.

వ్యాఖ్య: మా అమ్మాయికి పదహారేళ్ళు. టుపాక్ పాటలు చాలా ఇష్టం. ఆ కోర్టు కేసు సంగతి తనకు తెలియదు. చెప్పాలా? చెప్తే పాట మీద ఇష్టం పోతుందేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెప్పండమ్మా. బయట ఎవరో వెక్కిరింపుగా చెప్పకముందే మీరే చెప్పండి. పదహారేళ్ళంటే తేల్చుకునే వయసే. 'కీప్ యా హెడ్ అప్' ఇద్దరూ కలిసి వినండి. ఆ తర్వాత ఫిర్యాదు చేసిన యువతికి అప్పుడు పందొమ్మిదేళ్ళని, మీ అమ్మాయి కంటే మూడేళ్ళే పెద్దదని చెప్పండి. జ్యూరీ ఏం చెప్పిందో, అతను ఏమన్నాడో రెండూ చెప్పండి. ఇష్టం పోతే పోనివ్వండి, ఉంటే ఉండనివ్వండి. తీర్పు మీరు చెప్పొద్దు. తను ఏమంటుందో వినండి, వీలైతే ఇక్కడ రాయండి.