‘ఆశ లావు, పీక సన్నం’ తిట్టా, కాదా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న: మాస్టారూ, పిల్లవాడు కంచం నిండా పెట్టించుకుని సగం వదిలేస్తే మా అత్తగారు ‘ఆశ లావు, పీక సన్నం’ అంటారు. కక్కుర్తిని తిట్టే మాటేనా ఇది? అయితే పొట్ట అనక పీక అనడం ఎందుకు?

బరంపురం నుంచి జవాబు: తిట్టడానికి ‘ఆశపోతు’ ఉండనే ఉందమ్మా. ఈ సామెత కొలుస్తుంది: కోరిక ఎంత, అనుభవించగలిగేది ఎంత అని. పొట్ట అంటే కడుపు నిండిందన్న అర్థం వస్తుంది. పీక దగ్గర ముద్ద ఇంకా దిగనే లేదు.

కోరిక, అనుభవం ఈ రెండూ వేరని శాస్త్రజ్ఞులు గట్టిగా చెప్పడానికి చాలా కాలం పట్టింది. 1954లో కెనడాలో ఓల్డ్స్, మిల్నర్ ఎలుక మెదడులో సన్నని తీగ అమర్చారు. మీట నొక్కితే విద్యుత్తు అందుతుంది. ఎలుక అదే పనిగా నొక్కింది. ఆ చోటు ఆనంద కేంద్రమన్నారు. తరువాత ఆ ఖ్యాతి మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనానికి దక్కింది. పత్రికలు ఇప్పటికీ ‘ఆనంద రసాయనం’ అనే రాస్తున్నాయి, నాకు ఒళ్లు మండుతుంది. అమెరికాలో కెంట్ బెరిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు లేకుండా చేసి చూసింది. తిండి ఎదురుగా ఉన్నా అవి ముట్టలేదు. నోట్లో తీపి చుక్క వేస్తే మాత్రం ఎప్పటిలాగే మూతి నాక్కున్నాయి. రుచి ఉంది, ఆశ పోయింది. మరోసారి ఆశను రేపే భాగానికి విద్యుత్తు ఇస్తే తిండి పెరిగింది, ఆ మూతి నాకుడు పెరగలేదు. మీ అత్తగారి మాటకు ఇంతకన్నా వ్యాఖ్యానం ఏం కావాలి?

రాయగడ నుంచి: ‘తినగా తినగా గారెలు చేదు’ కూడా ఇదేనా?

బరంపురం: కాదండీ, అది మొహం మొత్తడం. అలవాటు సంగతి వేరు. వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులకు పళ్లరసం ఇచ్చాడు. మొదట్లో రసం నాలుక మీద పడగానే డోపమైన్ కణాలు చురుకయ్యేవి. ముందుగా దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక ఆ చురుకు దీపానికి మారింది, రసానికి ఏమీ లేదు. మా ఊళ్లో మిఠాయి కొట్టు సందు మలుపులోనే ఛెనాపోడ (పాలవిరుగుడు కాల్చి చేసే ఒడిశా మిఠాయి) మాడు వాసన తగిలి నోరూరుతుంది. ముక్క చేతికొచ్చేసరికి అంత సంబరం ఉండదు. ఇక దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణానికి ఆ కణాల చురుకు మామూలు కన్నా తగ్గిపోయింది. ‘చేతికి అందినది నోటికి అందలేదు’ అన్న మాట సరిపోయేది అక్కడ.