చదవడంలో ఇబ్బంది ఉన్న హైస్కూలు పిల్లలను క్లాసులోంచి బయటికి పిలిచి నేర్పించడం సరైనదేనా?

ఎనిమిదో క్లాసు అమ్మ

మా అబ్బాయికి 13 ఏళ్లు. నోటితో చెబితే ఏ పాఠమైనా ఒక్కసారికే పట్టుకుంటాడు. అదే పాఠాన్ని పుస్తకంలో చదవమంటే, వాడు మొదటి పేరా దాటేలోగా మిగతా పిల్లలు జవాబులు రాయడం మొదలుపెట్టేస్తారు. రెండేళ్ల కిందట పరీక్షలు చేయించినప్పుడు డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, అని తేల్చారు. అప్పటినుంచి బడిలో వారానికి నాలుగు పీరియడ్లు వేరే గదికి పిలిపించుకుని, రిసోర్స్ టీచర్ వాడికి చదవడం నేర్పిస్తున్నారు. ఆ నాలుగింటిలో రెండు సైన్సు, ఒకటి లెక్కలు, ఒకటి డ్రాయింగు.

నెల రోజులుగా ఆ గదికి వెళ్లనని మొండికేస్తున్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. క్లాసులోనే పక్కన ఒక సహాయకురాలిని కూర్చోబెట్టమని బడివారిని అడగాలా, లేక బుజ్జగించి ఇప్పుడున్న పద్ధతికే ఒప్పించాలా? ఇలాంటి పిల్లలకు చదువు చెప్పినవారు, ఇలాగే చదువుకుని పెద్దయినవారు చెప్పగలిగితే మేలు చేసినవారవుతారు.

రిసోర్స్ గది

అమ్మా, నేను 11 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

చదివి గ్రహించడంలో రెండు పనులు ఇమిడి ఉన్నాయి. అచ్చులో ఉన్నదాన్ని మాటగా మార్చుకోవడం ఒకటి, ఆ మాటల అర్థం పట్టుకోవడం రెండోది. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ రెండింటి సంబంధాన్ని కూడికగా కాక గుణకారంగా చెప్పారు. అంటే రెండో అంశం ఎంత గొప్పగా ఉన్నా, మొదటిది సున్నా దగ్గర ఆగిపోతే వచ్చే ఫలితమూ సున్నాయే. మీ అబ్బాయికి అర్థం చేసుకునే శక్తి నిండుగా ఉంది, మొదటి పని దగ్గరే నడక ఆగుతోంది. ఆ పనిని ఒత్తులు, గుణింతాలు, ధ్వనుల స్థాయి నుంచి వరస తప్పకుండా, విన్నదాన్ని మళ్లీ మళ్లీ పలికిస్తూ, రాయిస్తూ నేర్పాలి. కిరణజన్య సంయోగక్రియ పాఠం సాగుతున్న గదిలో, వెనక బెంచీ మీద గుసగుసగా ఈ పని చేయడం సాధ్యం కాదు. పైగా 13 ఏళ్ల పిల్లవాడు తోటివాళ్ల ముందు గుణింతాలు పలకడానికి ఒప్పుకోడు.

హైస్కూలుకు వచ్చాక ప్రతి సబ్జెక్టూ పుస్తకం మీదే నడుస్తుంది. ఇప్పుడు చదవడం పట్టుబడకపోతే తరవాత ఆరు సబ్జెక్టులూ చేజారిపోతాయి. అందుకే పంపించమంటున్నాను.

మధ్యేమార్గం

రెండూ కావాలి. ఏదో ఒకటే చాలనేవారి మాట నమ్మకండి.

లెక్కల టీచరు

రిసోర్స్ గది గారు చెప్పినదాంట్లో తప్పు లేదు, కానీ అసలు చిక్కును వారు దాటేశారు. లెక్కల పీరియడ్ నుంచి పిల్లవాణ్ణి ఎందుకు తీస్తున్నారు? మా సబ్జెక్టులో ప్రతి పాఠమూ ముందు పాఠం మీద నిలబడుతుంది. మంగళవారం నిష్పత్తి చెబితే గురువారం దాని మీద శాతాలు చెబుతాను. మంగళవారం లేని పిల్లవాడికి గురువారం నేను చెప్పేది చెవికెక్కదు. వాడి నోటుబుక్కు తిరగేస్తే వారానికొక తెల్ల పేజీ కనిపిస్తుంది. పైన తారీఖు వేసి ఉంటుంది, కింద ఏమీ ఉండదు. చదవడంలో ఉన్న ఇబ్బందిని తీర్చబోయి లెక్కల్లో కొత్త ఇబ్బంది తెచ్చిపెట్టడాన్ని సాయం అనలేము. అమ్మగారూ, మిగతా విషయాలు ఎలా ఉన్నా ముందు ఆ లెక్కల పీరియడ్ మార్పించండి.

ఇద్దరు పిల్లల తండ్రి

మా అమ్మాయి క్లాసులో ఇలాంటి పిల్లలకు పరీక్షలో అదనపు సమయం కూడా ఇస్తున్నారు. కష్టపడి చదివే మిగతా పిల్లల సంగతి ఎవరూ ఆలోచించరా?

రిసోర్స్ గది

ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. సైన్సు పరీక్ష కొలవవలసింది సైన్సును, చదివే వేగాన్ని కాదు. ప్రశ్న చదవడానికే సగం సమయం పట్టే పిల్లవాడికి ఇచ్చే అదనపు సమయం వాడికి తెలియని జవాబును తెచ్చివ్వదు.

లెక్కల టీచరు గారికి: సైన్సు పీరియడ్ తీస్తే సైన్సు టీచరూ మీ మాటే అంటారు, సాంఘికం తీస్తే ఆ టీచరూ అంటారు. రోజుకున్న పీరియడ్లు లెక్కపెట్టి, ఏది తీయమంటారో మీరే చెప్పండి.

చివరి బెంచీ

ఇలా బయటికి పిలిపించుకున్న పిల్లల్లో నేనొకణ్ణి. ఇప్పుడు 34 ఏళ్లు. ఈ చర్చ చదవడానికి కూడా ఫోన్ చేత పైకి చదివించుకుంటున్నాను.

తలుపు దగ్గర ఆయా నిలబడి నా పేరు పిలిచేది. పాఠం ఆగేది. నలభై తలలు నా వైపు తిరిగేవి. ఇప్పుడే వచ్చేస్తానన్నట్టుగా కాంపాస్ బాక్సు మూత తెరిచే ఉంచి, పెన్ను క్యాప్ తీసి పుస్తకం మీద పెట్టి వెళ్లేవాణ్ణి. ఆ గదిలో ఏం నేర్చుకున్నానని అడిగితే, నిజంగానే నేర్చుకున్నాను. అంతకుముందు చదవలేనివి అక్కడే చదవగలిగాను. కానీ నన్ను పిలిచింది డ్రాయింగ్ పీరియడ్‌లో. అది పరీక్షలు లేని సబ్జెక్టు కాబట్టి పోయినా నష్టం లేదని పెద్దవాళ్లు అనుకున్నారు. ఆ బడి మొత్తం మీద నేను పక్కవాడి కంటే బాగా చేయగలిగిన పని అదొక్కటే.

లెక్కల టీచరు

చివరి బెంచీ గారి అనుభవం చదివాక నా మాట మీద నాకు ఇంకా నమ్మకం పెరిగింది. ఏ పీరియడ్ తీస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

సహాయకురాలిని పక్కన కూర్చోబెట్టే విషయం కూడా చెబుతాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నుంచి 2008 వరకు పీటర్ బ్లాచ్‌ఫర్డ్ అనే విద్యా పరిశోధకుడి నాయకత్వంలో దీని మీద పెద్ద పరిశోధన జరిగింది. సహాయకుల తోడు ఎక్కువగా దొరికిన పిల్లలు, అదే స్థాయిలో ఉండి తక్కువ తోడు దొరికిన పిల్లల కంటే ఇంగ్లీషులో, లెక్కల్లో, సైన్సులో తక్కువ ముందుకు వెళ్లారని అందులో తేలింది. కనుక పక్కన కుర్చీ వేయించినంత మాత్రాన పని జరగదు.

రిసోర్స్ గది

ఆ పరిశోధనలో సగమే చెప్పారు, మిగతా సగం నేను చెబుతాను. తప్పు సహాయకులదని వారు అనలేదు, బడులు వారిని వాడుకుంటున్న తీరుదని అన్నారు. సహాయకులకు శిక్షణ ఇవ్వలేదు, టీచరుతో కూర్చుని ముందుగా మాట్లాడుకునే సమయమూ ఇవ్వలేదు. దాంతో వారు పిల్లవాడికి నేర్పడం మీద కాక, చేతిలో ఉన్న పని పూర్తి చేయించడం మీదే దృష్టి పెట్టారు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పక్కన సహాయకులు కూర్చున్న పిల్లవాడితో టీచరు మాట్లాడడం తగ్గిపోయింది. బోధన ఎవరికి ఎక్కువ అవసరమో వారికే, టీచరు కంటే తక్కువ అర్హత ఉన్నవారి చేత చెప్పించారు.

ఇప్పుడు మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. మంగళవారం పీరియడ్ గురించి రెండుసార్లు రాశారు. మిగతా నాలుగు రోజులూ ఆ పిల్లవాడు మీ ఎదుటే ఉంటాడు కదా, ఆ నాలుగు రోజుల్లో మీరు వాడి బెంచీ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారు?

లెక్కల టీచరు

ఇది చర్చించే పద్ధతి కాదు. 45 మంది ఉన్న క్లాసులో ఎవరి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లానో మీకు లెక్క అప్పజెప్పవలసిన అవసరం నాకు లేదు. ముగ్గురు నలుగురు పిల్లలతో చిన్న గదిలో కూర్చునేవారికి, గంట కొట్టేలోపు పాఠం ముగించవలసిన మా ఒత్తిడి తెలియదు. ఒకసారి ఇలాంటి పిల్లవాడి కోసం లెక్కలు తగ్గించి, అక్షరాలు పెద్దవి చేసి వేరే ప్రశ్నపత్రం తయారుచేశాను. మిగతా తల్లిదండ్రులు పక్షపాతమని ఫిర్యాదు చేశారు. పై అధికారి నన్ను పిలిచి సంజాయిషీ రాయించుకున్నారు. అప్పుడు నా పక్కన ఎవరూ నిలబడలేదు.

నిర్వహణ

ఇద్దరూ వ్యక్తిగతంగా వెళ్లకుండా విషయం మీద ఉండవలసిందిగా మనవి. అదనపు సమయం గురించి రాయదలచినవారు వేరే చర్చ మొదలుపెట్టండి.

రిసోర్స్ గది

వ్యక్తిగతంగా అనిపించి ఉంటే మన్నించండి, కానీ ప్రశ్నను వెనక్కి తీసుకోను. నా బాధ ఏమిటో చెబుతాను.

స్టాఫ్ రూములో అందరూ నాతో 'మీ పిల్లలు' అంటారు. 'మీ పిల్లవాడు హోంవర్కు తేలేదు', 'మీ పిల్లవాడు పాఠంలో నిద్రపోతున్నాడు'. ఆ పిల్లల పేర్లు నా రిజిస్టరులో లేవు, క్లాసు టీచరు హాజరు పట్టీలోనే ఉన్నాయి. వారానికి నాలుగు పీరియడ్లు నా దగ్గరికి పంపిస్తున్నామన్న ధీమాతో, మిగతా పీరియడ్లలో కూడా వాడు తమ పిల్లవాడు కాదనుకుంటున్నారు. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రభుత్వాలు సమావేశమై, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కూడా మామూలు బడుల్లోనే చదువుకోవాలని, ఆ బడులే వారికి తగినట్టు మారాలని ప్రకటించాయి. బడి మారడమంటే మెట్ల పక్కన ఒక గది తెరిచి, నన్నందులో కూర్చోబెట్టడం కాదు. నేను గదిని సమర్థిస్తున్నాను. గదిని సాకుగా చూపి చేతులు దులుపుకోవడాన్ని సమర్థించలేను.

మధ్యేమార్గం

ఇప్పటిదాకా ఏ పీరియడ్ అని వాదించుకున్నారు. అసలు ప్రశ్న ఎవరి పిల్లవాడు అన్నది.

లెక్కల టీచరు

రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట నా క్లాసులో ఒక పిల్లవాడు ఉండేవాడు. గుణకారాలు, బీజగణితం బోర్డు మీద నాకంటే త్వరగా చేసేవాడు. మాటల లెక్కలు ఇస్తే మాత్రం తెల్లకాగితం ఇచ్చేవాడు. బద్ధకమనుకున్నాను. ఆ సంవత్సరమంతా, రోజు విడిచి రోజు, వాణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టి మాటల లెక్కలను బిగ్గరగా చదివించాను. ఆ పిల్లవాడికి చదవడంలో ఇబ్బంది ఉందని తేల్చిన రిపోర్టు అంతకు ముందే బడికి వచ్చి, ఆఫీసు బీరువాలో ఉండిపోయిందని వాడు బడి మారాక తెలిసింది. నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

'మీ పిల్లలు' అన్న మాట నేనూ అన్నాను. అందుకే మీ ప్రశ్న అంత గుచ్చుకుంది. బాధ్యత మాది కాదని ఎప్పుడూ అనను. కానీ రిపోర్టు చేతికివ్వకుండా, శిక్షణ ఇవ్వకుండా, 45 మందిని అప్పగించి బాధ్యత వహించమంటే ఎలా వహించాలో కూడా ఎవరైనా చెప్పాలి.

రిసోర్స్ గది

ఇంత నిజాయితీగా రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పిన పిల్లవాడి లాంటివాడి గురించే 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ కుర్రవాడికి 14 ఏళ్లు, పేరు పెర్సీ. తన పేరును కూడా అక్షరాలు తారుమారు చేసి 'ప్రెసీ' అని రాసేవాడు. అంకెల దగ్గర మాత్రం తడబాటు లేదు. చదువంతా నోటిమాటతోనే సాగితే బడిలో అందరికంటే తెలివైనవాడు వీడే అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అన్నాడట. ఆ వైద్యుడికంటే ముందు వాడి తెలివిని గుర్తించింది రోజూ పాఠం చెప్పే మనిషే. నేను మిమ్మల్ని అడుగుతున్నదీ అలా చూడమనే.

ఎనిమిదో క్లాసు అమ్మ

ఇదంతా నిన్న సాయంత్రం మా వాడికి చదివి వినిపించాను. చివరి బెంచీ గారు రాసిన కాంపాస్ బాక్సు సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ తరవాత నెల రోజులుగా చెప్పని మాట చెప్పాడు.

వెళ్లడం వాడికి కష్టంగా లేదట. తిరిగి రావడమే కష్టమట. గదిలోంచి వచ్చి కూర్చునేసరికి పాఠం ఎక్కడో నడుస్తుంటుంది. మిగతా పిల్లలైతే పేజీలు తిప్పి, శీర్షికలు చూసుకుని, ఎక్కడున్నారో పట్టేస్తారు. వాడు ఆ శీర్షికలను వెతికి చదివేలోపు టీచరు ముందుకు వెళ్లిపోతారు. పక్కవాణ్ణి అడిగితే మాట్లాడుతున్నావని తిడతారు. అందుకని గంట కొట్టేదాకా ఏదో ఒక పేజీ తెరిచి, చదువుతున్నట్టు కూర్చుంటాడట. పేజీ నంబరు బోర్డు మీద ఓ మూల రాసిపెడితే తనకు చాలని అన్నాడు. డ్రాయింగ్ పీరియడ్ మాత్రం ఇవ్వనన్నాడు.

లెక్కల టీచరు

పేజీ నంబరు రాయడానికి ఏ శిక్షణా అక్కరలేదు. రేపటినుంచి నా క్లాసుల్లో రాస్తాను, దాని పక్కనే లెక్క నంబరు కూడా. కానీ లెక్కల పీరియడ్ తీయకూడదన్న మాట మీద నేను మారలేదు.

రిసోర్స్ గది

నేనూ మారలేదు. మరుసటి వారం చెప్పబోయే పాఠంలోని కొత్త పదాలు పదో పన్నెండో ముందుగా నాకు పంపించండి. నా గదిలో వాడిచేత చదివించడానికి నేను వేరే పుస్తకం వాడుతున్నాను, దాని బదులు ఆ పదాలనే వాడతాను. మంగళవారం సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

చివరి బెంచీ

అమ్మగారూ, ముందు డ్రాయింగ్ పీరియడ్ వెనక్కి ఇప్పించండి.